పండ్ల ఈగలతో రెండు నెలలు గడిపితే అమ్మాయి భవిష్యత్తు పాడవుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి నల్గొండలో బీఎస్సీ బయోటెక్నాలజీ రెండో ఏడాది చదువుతోంది. మా నాన్నగారికి పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) వచ్చినప్పటి నుంచి ఆ జబ్బు మీదే పరిశోధన చేస్తానంటోంది. వేసవిలో హైదరాబాద్‌లో ఏదో ల్యాబ్‌కు వెళ్తుందట. మెడికల్ కోడింగ్ (రోగుల జబ్బులు, చికిత్సల వివరాలను బీమా బిల్లుల కోసం కోడ్‌లుగా మార్చే పని) నేర్పిస్తే వెంటనే ఉద్యోగం వస్తుందని అందరూ అంటున్నారు. ఏది మేలు?
– ఒక తండ్రి, మిర్యాలగూడ

జవాబు: పరిశోధన అంటే ముప్పై ఏళ్లు దాటేదాకా సంపాదన ఉండదు, పెళ్లి వెనక్కి పోతుంది, చివరికి ఎటూ కాకుండా మిగిలిపోతుంది. మీ అసలు భయం ఇదే కదా? మహబూబ్‌నగర్, సూర్యాపేట తల్లిదండ్రులూ ఏటా ఇదే అడుగుతారు. భయపడకండి. అమ్మాయి అడుగుతున్నది రెండు నెలలే. డిగ్రీలో ఒక జబ్బు మీద పనిచేసినంత మాత్రాన జీవితమంతా దానికే కట్టుబడిపోరు.

కాస్త కటువుగా చెబుతున్నాను. మీ ఉత్తరంలో ‘అందరూ’ ఉన్నారు గానీ, అమ్మాయి వెళ్లేది ఏ ల్యాబ్, ఎవరి దగ్గర అన్నది లేదు. ఆమెను కూర్చోబెట్టి అడిగారా?

పార్కిన్సన్స్‌లో శరీర కదలికలకు అవసరమైన డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే మెదడు కణాలు క్రమంగా చనిపోతాయి. దీన్ని చాలా ల్యాబుల్లో పండ్ల ఈగల్లో పరిశీలిస్తారు. గొట్టాన్ని తట్టి ఈగలను అడుగుకు పడేసి, ఎన్ని ఎంత వేగంగా పైకి పాకాయో లెక్కపెడతారు. జబ్బు లక్షణాలున్నవి వెనకబడతాయి. ఆ లక్షణాలు తెప్పించడానికి వాడే రసాయనాల్లో పారాక్వాట్ ఒకటి. మన రైతులు కలుపుకు కొడుతూ వచ్చిన మందే అది! మన ప్రాంతపు పిల్లకు ఇది పుస్తకంలో చదివి వదిలేసే విషయం కాదు. మొదట్లో మాత్రం ఈగల మేత వండటం, సీసాలు కడగటం, నోట్‌బుక్ రాయటమే పని. ప్రయోగం విఫలమై ఫోన్‌లో ఏడిస్తే, ‘ముందే చెప్పాను’ అనకండి.

నాకు నిజంగా భయం వేసేది ఇప్పుడు జోరుగా సాగుతున్న మరో దారి గురించి. ఫీజు కట్టించుకుని పదిహేను రోజుల్లో రీసెర్చ్ ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్, పైగా జర్నల్‌లో పేపర్ కూడా ఇస్తామంటున్నారు. గుడ్డు నుంచి పండ్ల ఈగ తయారు కావటానికే 25 డిగ్రీల దగ్గర సుమారు పది రోజులు పడుతుంది. మిగిలిన ఐదు రోజుల్లో ఏం పరిశోధిస్తారు? పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో రెండు ప్రశ్నలకే ఆ గుట్టు బయటపడుతుంది. అలాంటి చోట రూపాయి కూడా కట్టకండి.

మెడికల్ కోడింగ్ గౌరవమైన పనే. అయితే అందులో కొంత పని ఇప్పటికే సాఫ్ట్‌వేర్ చేతికి వెళ్తోంది. డిగ్రీ అయ్యాకా కొన్ని నెలల్లో నేర్చుకోవచ్చు, ఆ తలుపు మూసుకుపోదు. ఇటు పరిశోధనలో ఎమ్మెస్సీ తర్వాత పరిశోధక విద్యార్థులకు ప్రభుత్వమిచ్చే ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్ సాధిస్తే నెలకు 37,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. అందరికీ రాదు, అదీ నిజమే.

దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి వేసవి ఫెలోషిప్ ఇస్తాయి. ఎంపికైతే స్టైపెండ్, రైలు చార్జీలు వాళ్లే ఇస్తారు. దరఖాస్తులు సాధారణంగా వేసవికి చాలా నెలల ముందే పిలుస్తారు. అది కుదరకపోతే అమ్మాయే నేరుగా ప్రొఫెసర్లకు రాయవచ్చు. ఒప్పుకున్నాక ఒకసారి మీరూ వెంట వెళ్లండి. హాస్టల్ ఉందా, రోజూ ఏ పీహెచ్‌డీ విద్యార్థి పక్కన ఉండి నేర్పిస్తారు, రాత్రి ఎన్నింటిదాకా ల్యాబ్‌లో ఉండాలి అన్నవి అక్కడే అడిగి తెలుసుకోండి.