మెడ పట్టీ అలల్లా లేస్తోందా?

ప్రశ్న: వేసవిలో పల్చటి చొక్కా లోపలికని బనియన్ గుడ్డతో చేతుల్లేని టాప్ కుట్టాను. మెడ అంచు అలల్లా లేస్తోంది. తల దూర్చేటప్పుడు కుట్లు పుటుక్కుమంటున్నాయి. ఎందుకు?

జవాబు: పట్టీని మెడ కొలతకు సమానంగా కత్తిరించి ఉంటారు. అది పొట్టిగా ఉంటేనే అంచును లోపలికి లాగి పట్టుకుంటుంది. కుట్టు గీత వెంట మెడ 60 సెం.మీ. ఉంటే పట్టీ 51 చాలు, చివరలు కలిపే కుట్టుకు మరో 1.2 కలపండి. వెడల్పు 4 సెం.మీ.; గుడ్డ సాగే దిక్కు పట్టీ పొడవునా రావాలి. చివరలు కలిపి కుట్టాక వెడల్పును సగానికి మడిచి, మెడనూ పట్టీనీ నాలుగేసి భాగాలుగా గుర్తుపెట్టి, గుర్తుకు గుర్తు పిన్ను చేయండి. కుట్టేటప్పుడు పట్టీనే సాగదీయాలి, టాప్‌ను కాదు. చాలామంది రెండూ లాగేస్తారు, అలలు అక్కడే మొదలు! చంకలకు ఇంత బిగువు వద్దు, ఒరుసుకుంటుంది. అక్కడ పట్టీ పొడవు చంక కొలతలో 90 శాతం ఉంటే సరిపోతుంది.

కుట్లు తెగేది తిన్నటి కుట్టు సాగదు కాబట్టి. జిగ్‌జాగ్ వెడల్పు 1, పొడవు 2.5 మి.మీ. పెట్టండి. మొన గుండ్రంగా ఉండే బాల్‌పాయింట్ సూది, 75 నంబరుది వాడండి; మామూలు సూది అల్లిక పోగుల్ని తెంపి చిల్లులు చేస్తుంది. ఇక గుడ్డను ఉతికి ఆరబెట్టాకే కత్తెర పట్టండి.