ఫోన్ బిల్లు వివాదం: ఐఎస్‌డీకి సంతకం ఎవరిది?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా. చెన్నై జార్జిటౌన్‌లో మా నాన్నగారు పెట్టిన లారీ బుకింగ్ ఆఫీసును ఇప్పుడు నేను నడుపుతున్నాను. ఐదుగురు పనిచేస్తారు. 2024 జనవరిలో సంక్రాంతికి 13 నుంచి 16 వరకు ఆఫీసు మూసి ఊరికి వెళ్లాం. ఫిబ్రవరి 5 తేదీతో వచ్చిన టెలిఫోన్ బిల్లులో రూ. 3,86,000 విదేశీ కాల్స్ కింద వేశారు. మేము విజయవాడ దాటి ఫోన్ చేసే పనే లేదు. నాన్నగారి రోజుల్లో ఎస్‌టీడీకి కూడా తాళం ఉండేది. 2021లో కంపెనీవారు పాత తీగ తీసి ఫైబర్ వేసి ఏదో ప్లాన్ మార్చారు. బిల్లు గురించి టెలిఫోన్ ఆఫీసుకు ఎన్నోసార్లు తిరిగాను, ఎవరూ వినలేదు. కట్టలేదని లైను తీసేశారు. ఇప్పుడు లీగల్ నోటీసు పంపారు. ఆ నంబరు నాన్నగారి జ్ఞాపకం. ఆయన 2020లో కాలం చేశారు, కనెక్షన్ ఇంకా ఆయన పేరు మీదే ఉంది. ఆఫీసు తాళాలు గుమస్తా దగ్గర ఉంటాయి కాబట్టి అతన్ని పని మాన్పించాను. ఆఫీసు ఫోన్లను బయటి లైనుతో కలిపే ఈపీఏబీఎక్స్ పెట్టెను ఇప్పటికీ ఇంటర్‌కంగా వాడుతున్నాం. దాని పాస్‌వర్డును మెకానిక్ తన వీలు కోసం రిసెప్షన్ ఫోన్ కింద కాగితం మీద రాసి అంటించాడు. ఇప్పుడు ఆయనే పెట్టెను రీసెట్ చేసి, పిడుగుపాటుకు పాడైందని సర్టిఫికెట్ ఇస్తానంటున్నాడు. అలా చేయవచ్చా? గుమస్తా మీద కేసు పెట్టవచ్చా? మా కుటుంబానికి న్యాయం జరుగుతుందా?

జవాబు: మీ అసలు ఉత్తరంలో నాన్నగారి నంబరు గురించి ఒక పేజీ, గుమస్తా గురించి మరో పేజీ ఉన్నాయి. ఇక్కడ కుదించి వేశాం. కేసును తేల్చే మాటను మాత్రం మీరు ఒక్క వాక్యంలో రాసి దాటిపోయారు. మీ తండ్రి 2020లో పోయారు. కనెక్షన్ ఆయన పేరు మీదే ఉంది. ప్లాన్ 2021లో మారింది. అంతకుముందు ఎస్‌టీడీకే తాళం ఉన్న లైనుకు విదేశీ కాల్స్ సదుపాయమైన ఐఎస్‌డీ ఎప్పుడు వచ్చింది? ఎవరి దరఖాస్తు మీద, ఎవరి సంతకంతో వచ్చింది? కేసంతా ఇదే.

కాల్స్ ఎవరు చేశారన్న ప్రశ్న చుట్టూ తిరిగితే మీరు ఓడిపోతారు. కంపెనీ వాదన నాకు ఇప్పుడే తెలుసు: కాల్ మీ లైను నుంచి వెళ్లింది, లోపలి పెట్టె మీది, దాని భద్రత మీ బాధ్యత. దరఖాస్తు ఫారం వెనుక సన్నని అక్షరాల్లో ఇలాంటి షరతు సాధారణంగా ఉంటుంది. ‘మేము చేయలేదు’ అనేది దానికి జవాబు కాదు. ‘విదేశీ కాల్స్ సదుపాయాన్ని మేము అడగలేదు, అడిగినట్లు కాగితం చూపండి’ అనేది జవాబు. భారతీయ సాక్ష్య అధినియమం 104వ సెక్షన్ ప్రకారం బాకీ ఉందనే వారే దాన్ని రుజువు చేయాలి. ఒక సంగతి ప్రత్యేకంగా ఎవరికి తెలిసి ఉంటుందో దాన్ని నిరూపించే భారం వారిదేనని 109వ సెక్షన్ చెబుతుంది. ఆ ఫారం మీ బీరువాలో లేదు, కంపెనీ దగ్గర ఉండాలి. దానితోపాటు దరఖాస్తులో మీ లైనుకు రాసిన క్రెడిట్ పరిమితి ఎంత, నాలుగు రోజుల్లో అది ఎన్ని రెట్లు దాటింది, దాటినప్పుడు ఎవరికి కబురు చేశారు అన్నవి కూడా అడగాలి.

ఇక్కడ ఒక మాట నేరుగా అడుగుతున్నాను. 2021లో ఫైబర్ వేసిన రోజున కంపెనీ మనిషి చేతికిచ్చిన ఫారం మీద మీరు నాన్నగారి పేరుతో సంతకం పెట్టారా? పెట్టి ఉంటే దాన్ని మీ న్యాయవాదికి మొదటి రోజే చెప్పండి. ఆ కాగితాన్ని ఎదుటివారు కోర్టులో బయట పెట్టినప్పుడు ఆయనకు తెలియడం కన్నా ప్రమాదం లేదు. చనిపోయిన మనిషి పేరు మీద నాలుగేళ్లు కనెక్షన్ నడపడమే పెద్ద అజాగ్రత్త. మరణ ధ్రువపత్రం, వారసత్వ పత్రం ఇచ్చి పేరు మార్పించుకోవలసిన పని అది. మీ అదృష్టం కొద్దీ ఆ అజాగ్రత్తే ఇప్పుడు మీకు పనికొస్తోంది. 2021 నాటి ఫారం మీద 2020లో పోయిన మనిషి సంతకం ఉంటే దాన్ని సమర్థించుకోవలసింది కంపెనీ.

ఇక గడువు. ఇది రాస్తున్నది 2025 నవంబరులో. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 69వ సెక్షన్ ప్రకారం వ్యాజ్య కారణం పుట్టిన రెండేళ్లలోగా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు దాఖలు కావాలి. మీ బిల్లు తేదీ 2024 ఫిబ్రవరి 5 కాబట్టి 2026 ఫిబ్రవరి మొదటి వారం దాటకూడదు. కంపెనీ లీగల్ నోటీసు ఇప్పుడు వచ్చింది కనుక గడువు ఇప్పటి నుంచి మొదలవుతుందని మీ పక్కింటి మేధావులు చెప్పవచ్చు. నమ్మకండి. ఉత్తరాలు, నోటీసులు, ఆఫీసు చుట్టూ చేసిన ప్రదక్షిణలు గడువును ఆపవు.

అంతకంటే ముందు ముగిసే గడువు ఇంకొకటి ఉంది. కాల్ వివరాల రికార్డులను టెలికాం కంపెనీలు కనీసం రెండేళ్లు దాచాలన్నది 2021 డిసెంబరులో లైసెన్సు షరతుల్లో చేసిన సవరణ. మీ కాల్స్ 2024 జనవరి 13 నుంచి 16 వరకు వెళ్లాయి. అంటే 2026 జనవరి మధ్య దాటితే ఆ రికార్డును ఉంచవలసిన కనీస గడువు కంపెనీకి తీరిపోతుంది. ఫిర్యాదుకు ఇంకా మూడు వారాలు ఉన్నాయని మీరు నింపాదిగా కూర్చుంటే, ఫిర్యాదు బతికి ఉండి సాక్ష్యం పోతుంది. ఆలస్యానికి తగిన కారణం చూపితే కమిషన్ క్షమించవచ్చు. చెరిగిపోయిన రికార్డును ఏ కమిషనూ తెప్పించలేదు. కాబట్టి ఈ వారమే కంపెనీకి రసీదుతో స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపండి, దాని నకలును ఈమెయిల్‌లో కూడా పంపండి. అందులో వేదన అక్కరలేదు. ఫలానా నంబరుకు చెందిన 2024 జనవరి కాల్ రికార్డులు, 2021 ప్లాన్ మార్పు ఫారం, ఐఎస్‌డీ తెరిచిన తేదీ, అందుకు ఆధారమైన దరఖాస్తు కావాలని, వివాదం నడుస్తున్నందున వీటిలో దేన్నీ తొలగించవద్దని రాయండి. అంతే.

ఎన్నోసార్లు తిరిగానన్నారు. ఒక్క ఫిర్యాదు నంబరైనా రాసుకున్నారా? టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం ఫిర్యాదు కేంద్రం ప్రతి ఫిర్యాదుకు డాకెట్ నంబరు ఇవ్వాలి. పరిష్కారం నచ్చకపోతే అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి 30 రోజుల్లో, తగిన కారణం ఉంటే మూడు నెలల్లోపు, రుసుము లేకుండా అప్పీలు చేసుకోవచ్చు. అది 39 రోజుల్లో తేలాలి. ఆ మార్గాన్ని మీరు నోటి మాటలతో పోగొట్టుకున్నారు. కౌంటరు దగ్గర నిలబడి గొడవ చేసినందుకు సాక్ష్యం ఉండదు, డాకెట్ నంబరుకు ఉంటుంది. అయితే ఆ దారి మూసుకున్నంత మాత్రాన వినియోగదారుల కమిషన్ దారి మూసుకోదు. టెలిఫోన్ వివాదాలు కమిషన్ ముందు చెల్లవని 2009లో సుప్రీంకోర్టు తీర్పు ఒకటి ఉండేది. 2022 ఫిబ్రవరి 16న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ అడ్డు తొలగించింది. కంపెనీ పాత తీర్పు చూపితే కంగారు పడకండి.

మెకానిక్ సలహాకు వస్తాను. పెట్టెను ముట్టుకోనివ్వకండి. రీసెట్ చేస్తే పోయేది మీకు అనుకూలమైన ఏకైక సాంకేతిక సాక్ష్యం. ఇలాంటి పెట్టెల ద్వారా మోసం జరిగే తీరు పరిశ్రమలో అందరికీ తెలిసిందే. సెలవు రాత్రి బయటివాడు మీ నంబరుకు ఫోన్ చేస్తాడు. యంత్రం గొంతు పలకగానే కోడ్ కొట్టి లోపలి డయల్ టోన్ తెచ్చుకుంటాడు. ఆ టోన్‌తో మీ లైను మీదే విదేశాల్లోని ఖరీదైన నంబర్లకు కాల్స్ చేసి, ఆ నంబర్లకు వచ్చే ఆదాయంలో వాటా తీసుకుంటాడు. ఇలా వెళ్లిన కాల్, పెట్టె తనంతట తాను కాల్స్ నమోదు చేసుకునే లాగ్‌లో ఒక లైను నుంచి మరో లైనుకు వెళ్లినట్లు కనబడుతుంది, బల్ల మీది ఫోన్ నుంచి వెళ్లినట్లు కాదు. ఆ లాగ్ నిండితే పాతవాటి మీద కొత్తవి రాసుకుంటుంది కాబట్టి ఇంటర్‌కం వాడకం కూడా ఆపండి. కరెంటు మాత్రం తీయకండి, కొన్ని పెట్టెల్లో జ్ఞాపకం దానితోపాటే పోతుంది. ఆ మెకానిక్‌తో సంబంధం లేని నిపుణుడి చేత లాగ్‌ను కాపీ చేయించండి. దానికి సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి. అందులో మొదటి భాగం మీరు, రెండో భాగం నిపుణుడు సంతకం చేయాలి, ఫైలు మారలేదని చూపే హ్యాష్ విలువ రాయాలి. ఈ పత్రం లేని ప్రింటవుట్ మీద ఎదుటి లాయరు మొదటే అభ్యంతరం చెబుతాడు.

పిడుగు సర్టిఫికెట్ సంగతి ఇంకా ఘోరం. జనవరిలో చెన్నైలో పిడుగు పడిందా అని వాతావరణ శాఖను అడిగితే చాలు, మీ కేసు మొత్తం అబద్ధమనిపిస్తుంది. కోర్టులో చూపవలసిన ఎలక్ట్రానిక్ రికార్డును కావాలని చెరపడం భారతీయ న్యాయ సంహిత 241వ సెక్షన్ కింద నేరం. నేరం మాట అటుంచినా, సాక్ష్యం దాచినవాడికి అది వ్యతిరేకంగానే ఉండేదని కోర్టు ఊహించవచ్చు, సాక్ష్య అధినియమం 119వ సెక్షన్ అందుకు వీలిస్తుంది. ఇప్పటివరకు మీరు మోసపోయినవారు. రీసెట్ చేసిన మరుక్షణం మోసం చేసినవారు అవుతారు. సర్టిఫికెట్ ఇస్తానంటున్న మనిషే పాస్‌వర్డు కాగితం అంటించిన మనిషి అన్న సంగతి మీకు తట్టలేదా? ఆ లాగ్ చెరిగిపోతే లాభం ఎవరికి? ఆ కాగితాన్ని చింపకండి. ఉన్నచోటనే ఫోటో తీసి, తర్వాత కవరులో పెట్టి లాయరుకివ్వండి. అది మీకు కొంత నష్టమే, కానీ దాచితే ఇంకా నష్టం.

గుమస్తా మీద కేసు లేదు. తాళాలు చేతిలో ఉండడం నేరానికి సాక్ష్యం కాదు, లాగ్ నేను చెప్పినట్లు ఉంటే అతనికి దీనితో సంబంధమే లేదు. తమిళనాడు దుకాణాలు, సంస్థల చట్టం, 1947లోని 41వ సెక్షన్ ప్రకారం ఆరు నెలలకు పైగా పనిచేసిన ఉద్యోగిని సరైన కారణం, నోటీసు లేకుండా తీసేయకూడదు. తప్పు చేశాడని తీసేయాలంటే విచారణ జరగాలి. వెనక్కి పిలవండి. రేపు మీ సాక్షిగా నిలబడవలసింది కూడా అతనే.

నోటీసుకు జవాబు అందులో ఇచ్చిన గడువులోపే వెళ్లాలి. కంపెనీ తరఫు మనిషి ఫోన్ చేసి ‘ఒక యాభై వేలు కట్టండి, మిగతాది వాయిదాల్లో చూద్దాం’ అంటాడు. ఒప్పుకోకండి. బాకీ వసూలుకు వారికి మూడేళ్లే గడువు. ఆ గడువులోపు బాకీ ఉందని మీరు సంతకంతో రాసిచ్చినా, అందులో కొంత కట్టినా, లిమిటేషన్ చట్టం 18, 19 సెక్షన్ల ప్రకారం వారి మూడేళ్లు మళ్లీ మొదటి నుంచి మొదలవుతాయి. మీ నిజమైన అద్దె, స్థానిక కాల్స్ మొత్తం వేరుగా లెక్కవేసి, అది దేనికి కడుతున్నారో రాసి, మిగతాది వివాదంలో ఉందని స్పష్టం చేస్తూ మాత్రమే కట్టండి.

దాఖలు చేయవలసింది మీ ప్రాంతానికి చెందిన చెన్నై జిల్లా వినియోగదారుల కమిషన్‌లో. మీరు పనిచేసే చోటే ఫిర్యాదు చేసే హక్కు ఉంది, ఈ స్థాయి విలువకు రుసుము లేదు. ‘ఇది వ్యాపార కనెక్షన్, వినియోగదారుడు కాడు’ అని అభ్యంతరం తప్పక వస్తుంది. స్వయం ఉపాధితో జీవనం గడుపుకోవడానికే ఈ సేవ తీసుకున్నామని ఫిర్యాదులో మొదటే చెప్పాలి. సొంత ఆఫీసు అయితే ఇది నిలబడే అవకాశం ఉంది. ప్రైవేటు లిమిటెడ్‌గా మార్చి ఉంటే ఆ మాట చెప్పండి, అప్పుడు హైకోర్టు ఆవరణలోని సిటీ సివిల్ కోర్టులో దావా మేలు, దానికి మూడేళ్ల గడువు. కమిషన్‌కే వెళ్తే వినియోగదారుల రక్షణ చట్టం 38(8) సెక్షన్ కింద లైను పునరుద్ధరణకు, నంబరు ఇంకెవరికీ ఇవ్వకుండా మధ్యంతర ఉత్తర్వు అడగవచ్చు. ఈపాటికే ఇంకొకరికి ఇచ్చేసి ఉంటే అది తిరిగి రాదు.

పోలీసు ఫిర్యాదు ఇప్పటికీ చేయవచ్చు. ఐటీ చట్టం 66వ సెక్షన్ నేరానికి గరిష్ఠ శిక్ష మూడేళ్లు కాబట్టి, కోర్టు దాన్ని విచారణకు స్వీకరించే గడువు 2027 జనవరి వరకు ఉంది. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, సైబర్ నేరాల పోర్టల్‌లో నమోదు చేసి, సైబర్ స్టేషనుకు వెళ్లండి. ఎఫ్ఐఆర్ తమిళంలో రాస్తారు. తమిళం చదవడం రాకపోతే చదివించుకుని, అందులో ‘గుమస్తా మీద అనుమానం’ వంటి మాట దొర్లలేదని చూసుకుని సంతకం పెట్టండి. నకలు ఉచితంగా ఇవ్వాలి. విదేశంలో ఉన్నవాడు దొరుకుతాడని ఆశించకండి. ఈ ఎఫ్ఐఆర్ మీకు ఉపయోగపడేది కమిషన్ ముందే.

కొత్త లైను తీసుకుంటే పెట్టెకు తయారీదారు పెట్టిన పాస్‌వర్డును మెకానిక్ మార్చాడని, చేసిన పని రాసే జాబ్ కార్డు మీద సంతకం చేయించుకోండి. బయటి నుంచి లోపలి టోన్ తీసుకునే సదుపాయం, దూరం నుంచి ప్రోగ్రాం చేసే సదుపాయం రెండూ మూయించండి. వాయిస్ మెయిల్ ఉంటే దాని 0000, 1234 వంటి పాస్‌వర్డు మార్చండి. ఐఎస్‌డీ వద్దని కంపెనీకి రాసిచ్చి రసీదు తీసుకోండి. ఎవరైనా టెలిఫోన్ ఆఫీసు నుంచని చెప్పి రిసెప్షన్ ఫోన్‌లో ఏవో అంకెలు నొక్కి పెట్టేయమంటే నొక్కవద్దని అందరికీ చెప్పండి.

తహసీల్దారు ఇచ్చే వారసత్వ ధ్రువపత్రంలో మీ అమ్మగారి పేరు, తోబుట్టువుల పేర్లు ఉంటాయి. చనిపోయిన వినియోగదారుడి తరఫున వారసులు ఫిర్యాదు చేయవచ్చని చట్టమే చెబుతోంది, అందరూ సంతకం చేస్తే ఎదుటివారికి ఒక అభ్యంతరం తగ్గుతుంది. వాళ్లు నెల్లూరులో ఉంటే సంక్రాంతి దాకా ఆగకుండా డిసెంబరులోనే పిలిపించండి.