బిళ్లగన్నేరు ఆకురసం తాగించవచ్చా?

ప్రశ్న: మా బాబుకు ఏడేళ్లు, రక్త క్యాన్సర్. కర్నూలు పెద్దాసుపత్రిలో వారానికోసారి విన్‌క్రిస్టిన్ సూది వేస్తున్నారు. ఆ మందు బిళ్లగన్నేరు నుంచే తీస్తారట. మా పెరడంతా ఆ చెట్లే. ఆకురసం కూడా పడితే తొందరగా నయమవుతుందని మా అత్తమ్మ అంటోంది. పట్టవచ్చా?
– ఒక తల్లి, గుత్తి

జవాబు: వద్దమ్మా. మీరు విన్నది నిజమే, మందు ఆ చెట్టుదే. 1950లలో కెనడాలో నోబుల్, బీర్ అనేవాళ్లు షుగరు మందు కోసం ఈ ఆకును పరీక్షించారు. నోటి ద్వారా ఇస్తే ఎలుకల్లో షుగరు తగ్గలేదు. రక్తంలోకి ఎక్కిస్తే తెల్లకణాలు పడిపోయాయి. రక్త క్యాన్సర్‌లో అదుపు తప్పేవి ఆ కణాలే కాబట్టి, క్యాన్సర్ మందుకు దారి అక్కడే దొరికింది. ఆకులో వందకు పైగా ఆల్కలాయిడ్లు (ఒంటి మీద గట్టిగా పనిచేసే మొక్కల రసాయనాలు) ఉంటాయి, అందులో విన్‌క్రిస్టిన్ అతి స్వల్పం. గ్రాము మందుకు వందల కిలోల ఎండుటాకు కావాలి.

బాబుకు డాక్టరు ఒంటి వైశాల్యాన్ని బట్టి మిల్లీగ్రాముల్లో లెక్కగట్టి ఇస్తారు. ఎంత పెద్దవాళ్లకైనా ఒక మోతాదు సాధారణంగా 2 మిల్లీగ్రాములు దాటదు. గ్లాసుడు రసంలో ఎంత ఉందో ఎవరు చెప్పగలరు? పైగా తెల్లకణాలు తగ్గిన పిల్లవాడికి పచ్చి ఆకు మీది మట్టి, సూక్ష్మజీవులే ప్రమాదం. ఇంకో మాట: పేరులో గన్నేరు ఉందని ఎవరైనా పొరపాటున ఎర్రగన్నేరు ఆకు నూరితే గుండె లయ తప్పి ప్రాణం మీదికి వస్తుంది.

మీరు చూడాల్సినవి వేరే ఉన్నాయి. ఈ మందు పేగుల నరాలను మందగింపజేస్తుంది, అందుకే మలబద్ధకం. నీళ్లు బాగా తాగించండి, విరేచనం సాఫీ చేసే సిరప్ డాక్టరునే అడగండి. మూడు రోజులు విరేచనం కాక కడుపు ఉబ్బితే ఆగకండి. ఎనిమా మాత్రం సొంతంగా ఇవ్వకండి. చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయినా, పాదం ఈడ్చి నడిచినా, దవడ నొప్పి అన్నా చెప్పండి. సూది వేస్తుండగా మంట అంటే అప్పుడే నర్సును పిలవండి. మందు రక్తనాళం బయటికి కారితే కండ పాడవుతుంది. దీనికి వెచ్చటి కాపడమే, ఐసు పెట్టకూడదు. ఇట్రాకోనజోల్ వంటి ఫంగస్ మాత్రలు ఈ మందు విషాన్ని పెంచుతాయి, ఎవరు రాసిచ్చినా ముందు క్యాన్సర్ డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: లక్ష్మణఫలం కీమో కన్నా పదివేల రెట్లు మేలని వాట్సాప్‌లో వచ్చింది. నిజమా?
– పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: ఆ అంకె గాజు పళ్లెంలో పెంచిన కణాల మీద చేసిన పరీక్షది. మనుషుల్లో క్యాన్సర్ తగ్గించినట్టు రుజువు లేదు. లక్ష్మణఫలంలోని అనోనసిన్ అనే రసాయనం నరాలకు హాని చేస్తుంది. పండు ఎప్పుడైనా తింటే తినండి, ఆకు కషాయం రోజూ తాగకండి.