దెయ్యం సినిమా చెవితో చూడాలి

వడపళని, చెన్నై

చి. సింధుకు పెదనాన్న ఆశీస్సులు.

పాత దెయ్యాల సినిమాలు, జనం మరిచిపోయిన సీరియళ్లు శనాదివారాల్లో మళ్లీ చూడాలనుకుంటున్నామని, ఒక జాబితా రాసి పంపమని అడిగావు. జాబితాలు నీ ఫోన్లో బోలెడు దొరుకుతాయి. ఎలా చూడాలో చెప్పేవాళ్లే తక్కువ, అందుకని అది రాస్తున్నాను. నా ఉద్యోగమంతా కోడంబాక్కం రీరికార్డింగ్ థియేటర్లలో, అంటే సినిమాకు చప్పుళ్లూ సంగీతమూ కలిపే చోట్ల, గడిచింది కాబట్టి నా సలహాలన్నీ చెవి వైపే మొగ్గుతాయి. సర్దుకోవాలి మరి.

ఒక్క సంగతి ముందే తెలిసుంటే సగం పని అయినట్టే. ఆ రోజుల్లో మన సినిమాల్లో షూటింగప్పుడు పట్టిన శబ్దం దాదాపు ఏదీ చివరిదాకా మిగిలేది కాదు. మాటలు డబ్బింగులో చెప్పించేవాళ్లు. అడుగుల చప్పుడు, గొళ్లెం, గాజులు, వాన, కుక్క ఏడుపు, అన్నీ విడిగా తీసి తర్వాత అతికినవే. అంటే నీకు వినిపించే ప్రతి చప్పుడూ ఎవరో కావాలని పెట్టిందే. నిశ్శబ్దమైనా అంతే, ఎవరో కావాలని ఆపితేనే వస్తుంది.

మేం ఎక్కువగా వాడిన కిటుకు కీచురాళ్లు. రాత్రి సీను మొదలవగానే వెనకాల సన్నగా కీచురాళ్ల ట్రాకు నడుస్తుంటుంది. కాసేపటికి నీ చెవి దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. హీరోయిన్ తలుపు దగ్గరికి వెళ్లబోయే ముందు ఆ ట్రాకు కోసేస్తాం. ఏం మారిందో నీకు తెలియదు, ఒళ్లు మాత్రం జలదరిస్తుంది. తలుపు కిర్రుమనడం ఆ తర్వాతి సంగతి. నన్నడిగితే అది కాస్త చవకబారు పని కూడా.

అందుకని చూసేటప్పుడు ఫ్యాను ఆపెయ్. చెన్నైలో ఫ్యాను ఆపమనడం ఎంత అన్యాయమో నాకూ తెలుసు. ధనుర్మాసం దాకా ఆగలేవు కాబట్టి, ఒక్కదానివే చూస్తుంటే ఇయర్‌ఫోన్లు పెట్టుకో. మీ గదిలో ముగ్గురూ కలిసి చూసేటట్టయితే ఏసీ వేసి, గది చల్లబడ్డాక ఆపేసి మొదలుపెట్టండి. కీచురాళ్లు ఎక్కడ ఆగాయో ముందు ఎవరు పట్టుకుంటారో పందెం వేసుకోండి, బాగుంటుంది.

బొమ్మ గురించి కూడా నాలుగు మాటలు. కొత్త టీవీల్లో కదలికను నున్నగా జారేలా చేసే మోషన్ స్మూతింగ్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది, ముందు అది తీసెయ్. వివిడ్ మోడ్ వద్దు, సినిమా మోడ్ చాలు. పాత సినిమాల్లో చాలా రాత్రి సీన్లు పట్టపగలే తీసేవాళ్లు, లెన్సుకు ఫిల్టరు తగిలించి, ఎక్స్‌పోజరు తగ్గించి. నువ్వు వెలుగు పెంచావంటే అర్ధరాత్రి శ్మశానంలో నడిచే అమ్మాయి కాళ్ల కింద మిట్టమధ్యాహ్నపు నీడ కనపడిపోతుంది. ఆ తర్వాత ఎంత గొప్ప దెయ్యం వచ్చినా నవ్వే వస్తుంది. తొంభైల నాటి సీరియళ్లను వెడల్పు తెరకు సాగదీయకు, మొహాలు పూరీల్లా ఉబ్బుతాయి. అటూ ఇటూ నల్లపట్టీలు ఉండనీ.

మొదట 'రాత్రి' చూడు. 1992లో రాంగోపాల్ వర్మ తెలుగులోనూ హిందీలోనూ తీసింది. రేవతి నటన గురించి అందరూ చెబుతారు, సరైనదే. నేను వినమనేది మణిశర్మ నేపథ్య సంగీతం, ముఖ్యంగా అది ఆగే చోట్లు. కెమెరా ఎవరినో వెంటాడుతూ పోతుంటుంది, వెంటాడేది ఏమిటో మనకు చూపించరు. ఆ ఖాళీని నింపేది శబ్దమే. వర్మే 1996లో తీసిన 'దెయ్యం' కూడా చూడు కానీ అదే రాత్రి వద్దు. అందులో చప్పుళ్లు ఎక్కువ, మొదటిదాని రుచి పాడవుతుంది. 'కాష్మోరా' (1986) చూడాలనుంటే దానికి మూలమైన యండమూరి నవల 'తులసి' ముందు చదువు. సినిమా కన్నా అక్షరమే ఎక్కువ భయపెడుతుంది.

ఇంగ్లీషులో నేను ఎవరికైనా చూపించేది 1963 నాటి 'ది హాంటింగ్'. దెయ్యం ఒక్కసారి కూడా కనపడదు. గోడ అవతల బాదుతున్న చప్పుడు, లోపలికి ఉబ్బే తలుపు, అంతే. దర్శకుడు రాబర్ట్ వైజ్ తొలినాళ్లలో చేసింది సౌండ్ ఎఫెక్ట్స్ ఎడిటింగ్ పనే అని తెలిసినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. మా కులపువాడే! హిందీలో 'మహల్' (1949). అందులో దూరం నుంచి దగ్గరికి వచ్చే పాట కోసం లతా మంగేష్కర్‌ను మైకుకు ఎడంగా నిలబెట్టి, పాడుతూ నడిచి రమ్మన్నారట. మీటలు తిప్పి చేసే పనిని కాళ్లతో చేశారన్నమాట.

ఇప్పుడు అసలు మాటకొస్తాను. నీ గదిలో ఒక తమిళమ్మాయి, ఒక మలయాళీ అమ్మాయి ఉన్నారు కదా. ఆ అదృష్టాన్ని వాడుకో. 1993 నాటి మలయాళ 'మణిచిత్రత్తాళ్' తీసుకో. శోభనకు జాతీయ అవార్డు తెచ్చిన సినిమా. అందులో ఆ ఇంటిని పట్టుకుని, ఇంటికోడలి నోట మాట్లాడే నర్తకి తంజావూరు నుంచి వచ్చిన తమిళమ్మాయి. అదే కథ 2004లో కన్నడంలో 'ఆప్తమిత్ర' అయింది, మరుసటి ఏడాది తమిళంలో 'చంద్రముఖి' అయింది. రెండింటిలోనూ నర్తకి తెలుగుది, పాడేది తెలుగు పాట. మౌంట్ రోడ్డు శాంతి థియేటర్లో ఎనిమిది వందల రోజులకు పైగా తమిళ జనం తెలుగు దెయ్యాన్ని చూసి వణికారు! తెలుగులోకి డబ్ చేసినప్పుడు ఏం చేశారనుకున్నావు? ఆ పాటను తమిళంలో పెట్టారు. హిందీ 'భూల్ భులయ్యా' (2007)కి వచ్చేసరికి ఆవిడ బెంగాలీ అయిపోయింది.

దెయ్యానికి ఎప్పుడూ పక్కవాళ్ల భాషే. మొగుడికీ అత్తింటివాళ్లకూ తెలిసిన గొంతులోంచి వాళ్లకు పరాయిదైన మాట ఊడిపడినప్పుడు పుట్టే భయం అది. మాట అర్థమైపోతే సగం పోతుంది. కాబట్టి ఒక్కో భాషలో ఒకటి చొప్పున ముగ్గురూ చూడండి, సబ్‌టైటిల్స్ ఆ పాట దగ్గరైనా ఆపెయ్యండి. ఎవరు ఎక్కడ ఉలిక్కిపడ్డారో గమనించు. తమిళ 'చంద్రముఖి'లో నువ్వు ఉలిక్కిపడవు, ఎందుకంటే అక్కడ దెయ్యం మనమే.

సీరియళ్లకు వేరే పద్ధతి. తమిళంలో నాగా దర్శకత్వంలో, ఇందిరా సౌందర్‌రాజన్ రాసిన 'మర్మదేశం' ఉంది, బాలచందర్ సంస్థ నిర్మించింది. యూట్యూబ్‌లో దొరుకుతుంది. అందులో 'విడాదు కరుప్పు' అనే గ్రామదేవత కథను వదలొద్దు. వారానికి ఒక భాగం చొప్పున రావడానికి తీసినది కాబట్టి ఒక్క రాత్రిలో మొత్తం లాగించకు. రోజుకు ఒకటి చాలు, మిగతాది మర్నాడు ఆఫీసు బస్సులో నీ బుర్ర తయారుచేసుకుంటుంది. పేర్లు పడేటప్పటి సంగీతాన్ని దాటించొద్దు, పక్క గదిలో ఉన్నవాళ్లను టీవీ ముందుకు పిలవడానికే అది పెట్టేది. మనవాటిలో ఈటీవీలో అచ్యుత్, యమున చేసిన 'అన్వేషిత' ఉంది. నాన్నను అడుగు, ఆ పేరు వినగానే కథంతా ఏకరువు పెడతాడు. ఏ భాగమూ చివరిదాకా కూర్చుని చూసిన పాపాన పోలేదు, అది వేరే సంగతి.

దూరదర్శన్ 'విక్రమ్ ఔర్ బేతాల్' (1985) ఇప్పుడు చూస్తే పిల్లల నాటకంలా ఉంటుంది. దానికంటే శంకర్ గీసిన 'చందమామ' బేతాళుడి బొమ్మ ఎదురుగా పెట్టుకుని కథ పైకి చదువు. ఆ పత్రిక మా వడపళనిలోనే తయారయ్యేది. మీరు శనివారాలు తిరిగే విజయా మాల్ కూడా ఆ పత్రిక పెట్టిన నాగిరెడ్డిగారి వాహినీ స్టూడియో నేల మీదే ఉంది.

కొన్ని ఇప్పుడు కూర్చుని చూడలేం. హిందీలో రామ్సే సోదరులు తీసిన దెయ్యాల సినిమాల్లో స్నానాల సీన్లు నిర్మొహమాటంగా దాటించెయ్. మన సినిమాల్లో మనసు బాగోలేని ఆడపిల్లను మంత్రగాడు వేపమండలతో బాదే సీన్లు వస్తాయి, పాతది కదా అని నవ్వుకుని ఊరుకోకండి.

నా దగ్గర వీసీడీలు ఒక అట్టపెట్టెడు ఉన్నాయి, పెద్దమ్మ పారేసేలోపు వచ్చి తీసుకెళ్లు. ఆడించే ప్లేయర్ మాత్రం పాడైంది, రిచీ స్ట్రీట్‌లో సెకండ్‌హ్యాండ్‌ది వెతుక్కోవాలి. కొనేముందు అక్కడే ఒక డిస్కు వేయించి, బొమ్మ కాదు, శబ్దం వినిపించుకో.

మీ పెదనాన్న