బూట్‌లో 90 సెకన్లు ఆగి ఎమర్జెన్సీ మోడ్ వస్తుంటే ఏం చేయాలి?

రెండో హార్డ్ డిస్క్ ఫార్మాట్ చేసినప్పటి నుంచి ఉబుంటు ఒకటిన్నర నిమిషం ఆగి "యూ ఆర్ ఇన్ ఎమర్జెన్సీ మోడ్" అంటోందన్నారు. ఓఎస్‌కి ఏమీ కాలేదు, రీఇన్‌స్టాల్ జోలికి పోకండి. ఫార్మాట్ చేస్తే పార్టిషన్ యూయూఐడీ (దాన్ని గుర్తుపట్టే ప్రత్యేక నంబరు) మారుతుంది. /ఈటీసీ/ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్లో (బూట్‌లో ఏ డిస్క్‌ను ఎక్కడ మౌంట్ చేయాలో, అంటే ఏ ఫోల్డర్‌గా తగిలించాలో చెప్పే జాబితా) మాత్రం పాతదే ఉండిపోతుంది. బూట్‌ను నడిపించే సిస్టమ్‌డీ దానికోసం 90 సెకన్లు చూసి, దొరక్కపోతే బూట్ ఆపేస్తుంది.

ఆ స్క్రీన్‌లో ఎంటర్ కొట్టండి, రూట్ (అడ్మిన్) పాస్‌వర్డ్ అడిగితే ఇవ్వండి. రూట్ అకౌంట్ లాక్ అయిందంటే లైవ్ యూఎస్‌బీతో (ఇన్‌స్టాల్ చేయకుండానే ఉబుంటు నడిచే పెన్‌డ్రైవ్) బూట్ చేసి, మీ డిస్క్‌లోని అదే ఫైల్ దిద్దాలి. కమాండ్లు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే కొట్టాలి.

"ఎల్ఎస్‌బీఎల్‌కే -ఎఫ్" కొడితే ఇప్పటి యూయూఐడీలు కనిపిస్తాయి. "నానో /ఈటీసీ/ఎఫ్ఎస్‌ట్యాబ్" తెరిచి పాత లైను ముందు # పెట్టండి. సేవ్ చేస్తుంటే రీడ్-ఓన్లీ అంటే ముందు "మౌంట్ -ఓ రీమౌంట్,ఆర్‌డబ్ల్యూ /" ఇవ్వండి. కింద కొత్త లైను (/డేటా అంటే డిస్క్ తెరుచుకునే ఫోల్డర్, ఈఎక్స్‌టీ4 దాని ఫార్మాట్):

యూయూఐడీ=కొత్త‌నంబరు /డేటా ఈఎక్స్‌టీ4 డిఫాల్ట్స్,నోఫెయిల్,ఎక్స్-సిస్టమ్‌డీ.డివైస్-టైమౌట్=10ఎస్ 0 2

ఇందులో యూయూఐడీ అనే మాట ఒక్కటే పెద్ద అక్షరాల్లో. కామాల తర్వాత స్పేస్ ఇవ్వొద్దు. ఇస్తే అక్కడి నుంచి కాలమ్ మారినట్టే, చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు. అసలు మందు నోఫెయిల్: డిస్క్ లేకపోయినా బూట్ ఆగదు. రూట్ (ఓఎస్ ఉన్నది) కాని ప్రతి డిస్క్‌కీ ఇది పెట్టాల్సిందేనని నా అభిప్రాయం. యూయూఐడీ బదులు /డెవ్/ఎస్‌డీబీ1 రాయకండి, ఇంకో డ్రైవ్ తగిలిస్తే ఆ పేరు మారొచ్చు.

రీబూట్ చేసే ముందు "ఫైండ్ఎంఎన్‌టీ --వెరిఫై", "సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్", "మౌంట్ -ఏ" వరసగా కొట్టండి. చివరిది ఏమీ పలక్కపోతే బాగున్నట్టే. అయితే అది స్వాప్‌ని (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్క్ భాగం) చూడదు. స్వాప్ యూయూఐడీ తప్పితే 90 సెకన్ల ఆలస్యం ఉంటుంది గానీ ఎమర్జెన్సీ మోడ్ రాదు.

యూయూఐడీ సరిపోయినా మౌంట్ కాకపోతే "జర్నల్‌సీటీఎల్ -ఎక్స్‌బీ"లో ఎర్ర లైన్లు చదవండి. ఎన్‌టీఎఫ్ఎస్ (విండోస్ ఫార్మాట్) డిస్క్ అయితే ఎక్కువసార్లు విండోస్ ఫాస్ట్ స్టార్టప్పే కారణం. విండోస్‌లో దాన్ని ఆపి పూర్తిగా షట్‌డౌన్ చేయండి, ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో ఆ డిస్క్ లైను చివరి అంకె 0 ఉంచండి. ఈఎక్స్‌టీ4లో లోపముంటే, మౌంట్ కాని స్థితిలోనే "ఈ2ఎఫ్ఎస్‌సీకే -ఎఫ్" నడపాలి. లాగ్‌లో ఐ/ఓ ఎర్రర్లు (డిస్క్ చదవడం, రాయడంలో లోపాలు) కనిపిస్తే మాత్రం ఈ2ఎఫ్ఎస్‌సీకే జోలికి పోకుండా, ముందు కేబుల్ మార్చి డేటా కాపీ చేసుకోండి.