ఐరిష్‌వాళ్ళని బ్రిటిష్‌వాళ్ళంటే ఎందుకు అంత నొచ్చుకుంటారు?

మాట్లాడేది ఇంగ్లీషే కదా, ఇంక తేడా ఏముంది అని ఒకరు అడిగారు. డబ్లిన్‌కి వచ్చిన కొత్తలో నేనూ మా ఇంటి ఓనరు దగ్గర ఇదే మాట అన్నాను. ఆవిడ కోప్పడలేదు. ఆ ఆదివారమే నన్ను కిల్‌మేనమ్ జైలుకి తీసుకెళ్ళింది.

అక్కడ ఖైదీలతో రాళ్ళు కొట్టించిన పెరట్లో రెండు శిలువలున్నాయి, ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి. అప్పట్లో ఐర్లండ్ మొత్తం బ్రిటిష్ పాలనలో ఉండేది. 1916 ఏప్రిల్ 24న, ఈస్టర్ సోమవారం, తిరుగుబాటు నాయకుడు పాట్రిక్ పియర్స్ డబ్లిన్ జనరల్ పోస్టాఫీసు ముందు నిలబడి ఐర్లండ్ స్వతంత్ర రిపబ్లిక్ అని ప్రకటన చదివాడు. ఆరో రోజుకే తిరుగుబాటుదారులు లొంగిపోయారు. పట్టుకెళ్తుంటే డబ్లిన్ జనమే వాళ్ళని తిట్టారు. ఎందుకు తిట్టరు? ఊరు నడిబొడ్డు కాలిపోయింది, మామూలు జనం రెండు వందలమందికి పైగా చచ్చిపోయారు, ఎన్నో ఇళ్ళ మగవాళ్ళు అప్పుడు బ్రిటిష్ సైన్యంలోనే ఉన్నారు.

తర్వాత మే 3 నుంచి 12 లోపు ఆ జైలు పెరట్లో బ్రిటిష్‌వాళ్ళు తిరుగుబాటుదారుల్లో 14 మందిని కాల్చి చంపారు. వాళ్ళ నాయకుల్లో ఒకడైన జేమ్స్ కానలీ అప్పటికే గాయాలతో నిలబడలేని స్థితిలో ఉన్నాడు. అంబులెన్సులో తెచ్చి, గేటు దగ్గరే కుర్చీకి కట్టి కాల్చారు. రెండో శిలువ అతనిది. దాని ముందు నాకు నోట మాట రాలేదు. తిట్టిన ఊరి మనసు బ్రిటిష్‌వాళ్ళ మీద విరిగింది ఆ పది రోజుల్లోనే. 1918 ఎన్నికల్లో ఐర్లండ్‌లోని 105 సీట్లలో 73 స్వాతంత్ర్యం కోరే షిన్ ఫేన్ పార్టీకి వచ్చాయి.

 

ఇక భాష సంగతి. తిరిగొస్తూ ఆవిడ అంది: "మేం ఇంగ్లీషు మాట్లాడతాం నిజమే. అది మాకెలా వచ్చిందో కూడా అడగాలి కదా." 1845లో మొదలైన బంగాళాదుంప తెగులు కరువులో దాదాపు పది లక్షలమంది చనిపోయారు, ఇంకో పది లక్షలమంది ఓడలెక్కి వెళ్ళిపోయారు. ఆ ఏళ్ళలోనే ఐర్లండ్ నుంచి ధాన్యం, పశువులు ఇంగ్లండుకి ఎగుమతయ్యాయి. ఎక్కువ దెబ్బ తిన్నది వాళ్ళ సొంత భాష ఐరిష్ మాట్లాడే పడమటి పల్లెలే. మనకి పోలికగా కనిపించే ఇంగ్లీషు వాళ్ళకి పోగొట్టుకున్నదాని గుర్తు.

ఇప్పటికీ బ్రిటన్‌తోనే ఉన్న ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్ వెళ్తే మాత్రం లెక్క వేరు. అక్కడ చాలామంది మేం బ్రిటిష్ అనే చెప్తారు. 1998 శాంతి ఒప్పందం ప్రకారం అక్కడివాళ్ళు ఐరిష్ అనైనా, బ్రిటిష్ అనైనా, రెండూ అనైనా చెప్పుకోవచ్చు. అందుకే అక్కడ నేను ముందుగా ఏమీ అనను, వాళ్ళు చెప్పేదాకా ఆగుతాను.