ర్యాంకు సరే, ఎవరి మాట ఎవరు విన్నారు?

కావలి

చిరంజీవికి ఆశీస్సులు.

ప్రపంచ నాయకుల పలుకుబడి మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి వాక్యంలోనే "ప్రపంచంలోకెల్లా శక్తిమంతమైన నాయకుడు" అని రాసి, ఆధారంగా మార్నింగ్ కన్సల్ట్ అనే అమెరికా సంస్థ సర్వే చూపించావు. ఆ వాక్యం కొట్టెయ్ నాయనా. మీ నాయకుడి పనితీరు నచ్చిందా అని ఏ దేశం వాళ్లను ఆ దేశంలోనే ఆన్‌లైన్‌లో అడిగే సర్వే అది. మన దేశంలో అక్షరాస్యులనే లెక్కలోకి తీసుకుంటుంది. పక్క దేశం ఆ నాయకుడి మాట వింటుందా అన్న ప్రశ్నే అందులో లేదు.

శక్తిమంతుల జాబితా వేసే ఫోర్బ్స్ పత్రిక పద్ధతి వేరు. 2018లో 75 మంది పేర్లిచ్చారు. ఎంతమంది మీద అధికారం, ఎంత డబ్బు, ఎన్ని రంగాల్లో పలుకుబడి, ఉన్న అధికారాన్ని వాడుతున్నారా అనే నాలుగింటికీ సంపాదకులు ర్యాంకులు వేసి సగటు తీశారు. షీ జిన్‌పింగ్, అమెజాన్ బెజోస్, పోప్ ఒకే వరసలోకి వచ్చింది అందుకే. వడ్లూ రొయ్యలూ చీమకుర్తి రాయీ ఒకే కాటాలో తూచినట్టు. ఆస్ట్రేలియా పరిశోధన సంస్థ లోవీ ఇన్‌స్టిట్యూట్ దేశాలకిచ్చే ఆసియా పవర్ ఇండెక్స్ నయం, వనరులనూ పలుకుబడినీ విడివిడిగా లెక్కిస్తుంది. 2024లో జపాన్‌ను దాటి మనం మూడో స్థానానికి వచ్చామనీ, వనరులకు తగ్గ పలుకుబడి ఇంకా రాలేదనీ రెండూ అందులో కనపడతాయి.

2013 నుంచి 2016 దాకా ఫోర్బ్స్‌లో మొదటి పేరు పుతిన్‌ది. 2022 మార్చి 2న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో, ఉక్రెయిన్ మీద దాడి ఆపాలని రష్యాను అడిగే తీర్మానం నెగ్గింది. అనుకూలంగా 141 ఓట్లు, వ్యతిరేకంగా రష్యాతో కలిపి 5. నువ్వు అక్కడే ఆగి "పలుకుబడి లేదు" అని తేల్చేశావు. ఎటూ ఓటెయ్యని 35 దేశాల్లో మనమూ ఉన్నాం. వాటిని "గైర్హాజరు" అని రాశావు, అది తప్పు. అసలు ఓటింగులోనే లేని దేశాలు వేరే 12. అసలు సరుకు ఆ 35లో ఉంది. ఏ దేశం ఆయుధాల కోసం ఆగింది, ఏది చమురు కోసం, ఏది ఎరువుల కోసం? ఒక్కోదాన్నీ విడిగా తవ్వు.

ఆ చమురు సంగతే మన రొయ్యల గుంటల దాకా వచ్చింది. రష్యా చమురు కొంటున్నామని 2025 ఆగస్టు 27న అమెరికా ఇంకో 25 శాతం సుంకం వేసి మొత్తం 50 చేసింది. మన రొయ్యలకు పెద్ద గిరాకీ అక్కడే. నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట, విడవలూరు వెళ్లి 30 కౌంటు, 50 కౌంటు, 100 కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంటు) రేట్లు ఆ తేదీకి ముందూ తర్వాతా ఎంతో రాసుకో. ఏ కౌంటు ఏ దేశానికి పోతుందో కొనేవాళ్లను అడుగు. ఒక జాగ్రత్త: తెల్లమచ్చ తెగులు వచ్చి, రొయ్య ఎదగకముందే పట్టుబడి చేసిన గుంటలో రేటు ఎట్టాగూ పడిపోతుంది. దాన్ని సుంకం ఖాతాలో వెయ్యొద్దు.

ఇదంతా రాసినా, అమెరికా అధ్యక్షుడు దెబ్బ కొట్టగలడని మాత్రమే తేలుతుంది. ఢిల్లీ తన నిర్ణయం మార్చుకుందా లేదా అన్నది నెలవారీ చమురు దిగుమతి లెక్కల్లో వెతకాలి. ఆ లెక్కలు పక్కన పెట్టుకుని మళ్లీ రాసి పంపు. ర్యాంకు ఊసు చివరి పేరాలోకి పోనీ.